తెరిచే ఉంచిన కామెంటు

చాటున అన్న మాటే మనిషి అసలు మాట అని లోకం నమ్ముతుంది. ఎదుట పలికే మాటకు మర్యాద అడ్డం వస్తుంది, భయం అడ్డం వస్తుంది, రేపటి అవసరం అడ్డం వస్తుంది. ఆ మనిషి గది దాటి వెళ్ళాక నోట వచ్చే మాటకు ఏదీ అడ్డం రాదు కనుక అదే నిజమని వాదన. ఈ నమ్మకాన్ని ఎప్పుడో ఒకప్పుడు పరీక్షకు పెట్టాలని నాకు తోచకపోలేదు గాని, పరీక్షకు పెట్టే నమూనా నేనే అవుతానని, పరీక్ష జరిగే చోటు ఈ ముందుగది అవుతుందని నిన్నటిదాకా అనుకోలేదు. ఎవరికి కావలసిన బల్ల వాళ్ళు అద్దెకు తీసుకుని ఎవరి పని వాళ్ళు చేసుకునే కార్యాలయమిది. నేను కూర్చున్న సోఫా మోకాళ్ళకంటే తక్కువ ఎత్తులో ఉంది. ఇందులోంచి హుందాగా లేవడం నా వయసువాడి వల్ల కాదు. ఎదురుగా గాజు గోడ. గోడకు అవతల, నా వెబ్‌సైటు కడుతున్న డిజైనర్, ఎవరో బట్టతలాయనకు స్క్రీను మీద ఏదో చూపిస్తోంది. ఆయన నవ్వుతున్నాడు, ఆమె నవ్వుతోంది, నాకు శబ్దం వినబడదు. ఆయన పని కాగానే నన్ను పిలుస్తుంది.

పిలిచాక ఏం జరుగుతుందో నాకు వరసగా తెలుసు. తన పనితీరు ఆమె మొదటి రోజే చెప్పింది. ఆమె ఏ కంపెనీ మనిషీ కాదు, సొంతంగా పని ఒప్పుకుని చేస్తుంది కనుక మాట మీదా పద్ధతి మీదా బతకాలి. సైటు తయారవుతున్నంత కాలం దాని నమూనా ఒక లింకులో ఉంటుంది. మాకు ఎక్కడ ఏది నచ్చకపోయినా సరిగ్గా అక్కడే నొక్కితే ఒక చిన్న గడి తెరుచుకుంటుంది. అభ్యంతరం అందులో రాయాలి. అప్పగింత రోజున ఆమె మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ప్రతి కామెంటునూ పైకి చదివి, తాను చేసిన మార్పు చూపించి, సరేనా అని అడిగి, సరేనన్నాక దాన్ని మూసేస్తుంది. మూసిన కామెంటు బూడిదరంగులోకి తిరుగుతుంది. అన్నీ బూడిదరంగులోకి తిరిగాకే సైటు లోకానికి తెరుచుకుంటుంది. ఇంత పద్ధతిగా పనిచేసే మనిషిని నేను నా ఉద్యోగంలో కూడా అరుదుగా చూశాను. ఆ మాట ఆమెతో అనలేదు. అన్నది, అంటే రాసింది, వేరు. "మా గురించి" అనే పేజీలో, నా ఫోటో పక్కన, ఆమెను గురించి నేను రాసిన కామెంటు ఒకటి ఉంది. మా బావను నవ్వించడానికి రాశాను. అతనికి తప్ప ఎవరికీ కనబడదనుకుని రాశాను. కనబడుతుందని ఈ ఉదయం తెలిసింది. ఆమె తన గొంతుతో దాన్ని పైకి చదివే ఘడియ రాకముందే, అది నిజం కాదని నేను నా గొంతుతో చెప్పాలి. అందులో కష్టం ఏమీ లేదు, అది నిజం కాకపోతే.

గోడ వారగా కాఫీ యంత్రం గురక పెట్టి ఆగింది. చెవులకు డిప్పలు తగిలించుకున్న కుర్రాళ్ళు వచ్చి కప్పులు నింపుకుని, నన్ను కుర్చీని చూసినట్టు చూసి పోతున్నారు. సోఫా పక్కనే, కిటికీ దగ్గర, కుండీలో మొక్క ఉంది. దగ్గరగా వంగి చూస్తే ప్లాస్టిక్కు అని తెలిసింది, అయినా ఎవరో దాని మొదట్లో నీళ్ళు పోసినట్టున్నారు, మట్టి తడిగా ఉంది. ఇంకో రోజైతే ఈ దృశ్యాన్ని బావకు చెప్పడానికి దాచుకునేవాణ్ణి. నా నవ్వులన్నీ అతని ఖాతాలోవే. మా అక్కను చేసుకుని మా ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి నా వెటకారానికి పగలబడి నవ్వే మనిషి అతనొక్కడే. మిగతా చుట్టాలకు నేను సాయంత్రపు విందును పాడుచేసే వాదన మాత్రమే. రెండు నెలల కిందట బావకు తుంటి ఎముక మార్చారు. మంచం దిగలేడు, పుస్తకం పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది, ఫోను ఒక్కటే ఊతం. సైటు నమూనా అతనికీ పంపమని డిజైనర్‌తో నేనే చెప్పాను, నా వ్యాసాలకు మొదటి పాఠకుడు అతనే కనుక. అక్కడ మొదలైంది. ఒకరోజు మొదటి పేజీ మీద, ఈ నీలం నీరసంగా ఉంది, దీనికి సెలైను ఎక్కించాలి, అని రాశాను. నిమిషంలో బావ దాని కింద నవ్వు బొమ్మ పెట్టాడు. అక్క ఫోను చేసి, ఏం రాశావురా, ఆపరేషను తర్వాత ఈయన నవ్వడం ఇదే మొదలు, కుట్లు ఊడతాయేమోనని భయమేసింది, అంది. ఆ పూట నుంచి నేను సైటును చూడడం మానేసి, బావ నవ్వడానికి పనికొచ్చే చోట్ల కోసం వెతకడం మొదలుపెట్టాను. ఇది నా పక్షాన ఒక సాక్ష్యం. దీన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలనిపిస్తోందో, అంత అనుమానంగా చూడాలని నాకు శిక్షణ.

ఆ కామెంటు నాకు కంఠస్థం. బావా, మూఢనమ్మకాల మీద సైటును చేతికి దారం కట్టుకున్న మనిషి చేత కట్టించుకుంటున్నాం. నా వ్యాసాలన్నీ ఈ అమ్మాయి చేతుల మీదుగానే వెళ్ళాయి, ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. అయినా రంగులు పూయడానికి బుర్రతో పనేముంది? ఇంతే. వాక్యనిర్మాణంలో లోపం లేదు. మూడో వాక్యం దగ్గర బావ పెదవి వంకర తిరుగుతుందని నాకు రాసేటప్పుడే తెలుసు, తిరిగింది కూడా. బావ నవ్వు బొమ్మలు వరసగా పెట్టాడు. గడిలో పేర్ల జాబితా ఒకటి వస్తుంది, అందులోంచి బావ పేరు ఎంచుకున్నాను. నా తరం వాడికి అంతకుమించి ఏం కావాలి? కవరు మీద ఎవరి పేరు రాస్తే ఆ ఉత్తరం వాళ్ళకే చేరే లోకంలో పెరిగాను. ఈ ఉదయం మేనకోడలు, బావ కూతురు, తండ్రికి మందులు ఇస్తూ అతని ఫోను చూసి నాకు ఫోను చేసింది. "మామయ్యా, నువ్వు ఆ డిజైనర్‌ని తిడుతూ రాశావేంటి?" "తిట్టలేదే, మీ నాన్నకు రాశాను." "అది నాన్నకి ఒక్కడికే వెళ్ళలేదు. పేరు పెడితే ఆయన ఫోనుకి గంట మోగుతుంది, అంతే. ఆ పేజీ తెరిచిన ప్రతివాళ్ళూ చదువుతారు. ఆవిడకైతే నువ్వు రాసిన ప్రతి ముక్కా మెయిల్లో కూడా పోతుంది." తర్వాత ఆ పిల్ల ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "రుజువు లేకుండా ఎవరినీ ఏమీ అనకూడదని చిన్నప్పుడు నాకు చెప్పింది నువ్వే కదా మామయ్యా," అంది. కోపంగా కాదు, గుర్తుచేసినట్టు అంది. వారం పైగా ఆ కామెంటు అక్కడుంది. ఆ వారంలో ఆమె నాతో ఫోనులో మాట్లాడింది, ఫోటోలు కావాలంది, ఆరోగ్యం ఎలా ఉంది సార్ అంది. ఎప్పుడు చదివి ఉంటుంది? ఆరోగ్యం అడగడానికి ముందా, తర్వాతా?

నేను ఉద్యోగం చేసింది నీటి పరీక్షశాలలో. ఊరికి వచ్చే తాగునీటిని సీసాల్లో పట్టి, అందులో ఏముందో, ఏం ఉండకూడదో చెప్పడం. నీళ్ళు చూడడానికి తేటగానే ఉంటాయి; తేటదనాన్ని నమ్మకపోవడమే మా వృత్తి. సీసాను ముందు అదే నీటితో కడిగి తొలిచి, ఆ తర్వాతే నమూనా పట్టాలి, లేకపోతే పరీక్షలో తేలేది సీసా మురికి, నీటి మురికి కాదు. ఆ అలవాటునే నేను ఒక చిన్న పత్రికలో శీర్షికగా మార్చాను. పాఠకులు తమ ఇళ్ళలో, వీధుల్లో వినే నమ్మకాలు రాసి పంపేవాళ్ళు. నేను ముందు ఆ నమ్మకాన్ని ఏ ఎగతాళీ లేకుండా ఉన్నదున్నట్టు రాసి, పరీక్ష చెప్పి, ఫలితం చెప్పి, అక్కడితో ఆపేసేవాణ్ణి. తీర్పు చెప్పేవాణ్ణి కాదు, పాఠకుడికి ఆ మాత్రం గౌరవం ఇవ్వాలని. నిమ్మకాయ గురించి, పిల్లి గురించి, ఎడమకన్ను అదరడం గురించి ఎవరు రాసినా, రాసినవాణ్ణి నేను ఏనాడూ మూర్ఖుడనలేదు. అనను అని ప్రకటించాను కూడా. ఒకసారి సభలో ఎవరో అడిగితే, దారం కట్టుకున్న చేతితో నాకు తగాదా లేదు, దారం చేస్తుందనే పనితోనే తగాదా, అన్నాను. చప్పట్లు కొట్టారు. అది వేదిక. వేదిక మీద ఎదురుగా జనం ఉంటారు. చాటు వేరు. సీసా తొలవకుండా పట్టిన నమూనా అది అని నా వాదన. లోకం వాదన ఏమిటంటే తొలిచి పట్టిందే కల్తీ, తొలవనిదే అసలు నీరు. ఎవరిది ఒప్పో నాకు ఇంతవరకు తేలలేదు. గాజు గోడ అవతల బట్టతలాయన లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు.

ఆమె మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నేను నా వ్యాసాల కట్టలు బల్ల మీద పరిచి, ఇవన్నీ సైటులో పెట్టాలి, అన్నాను. ఆమె కట్టలను చూసి, నన్ను చూసి, "ఇది ఎవరి కోసం సార్?" అంది. ఆలోచించేవాళ్ళ కోసం అన్నాను. అది రాసుకుని, "ఆలోచించేవాళ్ళు ఫోనులో చదువుతారా, కంప్యూటర్‌లోనా?" అంది. ఆమె ప్రతి పనికీ ముందు అడిగే ప్రశ్నలవి, అందులో కొంటెతనం లేదు. కానీ నేను కట్టల అంచులు సర్దడం మొదలుపెట్టాను. పత్రిక ఆగిపోయి చాలా కాలమైంది. చదివేవాళ్ళు ఎవరో, ఎక్కడున్నారో, ఉన్నారో లేరో నాకు తెలియదు. ఆ సంగతి నన్ను ఇంత నేరుగా అడిగినవాళ్ళు అంతవరకు లేరు. అప్పుడు చూశాను ఆమె మణికట్టును. దారం సన్నగా, రంగు వెలిసి, చాలా కాలం నుంచి ఉన్నట్టు ఉంది. చూసి తృప్తిపడ్డాను. ఇప్పుడు ఈ సోఫాలో కూర్చుని ఆ తృప్తిని బయటికి తీసి చూస్తున్నాను, వెలుతురులో పట్టుకుని, సీసాను చూసినట్టు. ఒక ప్రశ్నకు జవాబు లేనివాడికి, ప్రశ్న వేసినవాళ్ళలో ఒక లోపం దొరికితే కలిగే తృప్తి అది. ఆ తర్వాత ఆమె నమూనా పంపింది. ప్రతి వ్యాసంలోనూ నమ్మకం కనబడుతుంది, పరీక్ష కనబడుతుంది, ఫలితం మాత్రం మూసి ఉంటుంది. చదివేవాడు ముందు తన మనసులో ఒక ఫలితం అనుకుని, ఆ తర్వాత నొక్కితేనే అది తెరుచుకుంటుంది. అచ్చులో ఉన్నంత కాలం నేను చేయాలనుకుని చేయలేకపోయిన పని అది. వ్యాసాలు బుర్రకెక్కని మనిషికి ఆ ఆలోచన రాదు. ఆ సంగతి అది చూసిన క్షణంలోనే నాకు తెలుసు. తెలిసి కూడా, ఆ పేజీ మీద ఏం రాశాను? ఈ బాణం నన్నెటు పొమ్మంటోంది, శ్మశానానికా, అని రాశాను. నేను రాసిన కామెంట్లన్నీ ఒకసారి నెమరువేసుకుంటే, మెప్పు ఒక్కటీ లేదు. మెచ్చుకుంటే బావ నవ్వడు.

అంటే ఆమెకు బుర్ర ఉందని తెలిసే బుర్ర లేదని రాశాను. అలాగైతే అది అబద్ధం, నేను నిర్భయంగా చెప్పవచ్చు. కానీ ఇది నాకు ఎంత అనుకూలమైన ఫలితమో గమనించక తప్పదు. తన మందు పనిచేసిందని చెప్పే ప్రతి వైద్యుడూ ఇలాగే లెక్కలు సరిచేసుకుంటాడు. రాస్తున్నప్పుడు వేళ్ళ కింద ఏముంది? నవ్వించాలన్న ఆత్రం ఉంది, ఒప్పుకుంటాను. దాని కింద? మా సూపరింటెండెంటు గుర్తుకొస్తున్నాడు. నేను కొత్తగా చేరిన రోజుల్లో, నమూనాల గది తలుపు ఓరగా ఉండగా, ఆయన ఎవరితోనో అన్నాడు, ఆ కొత్తవాడికి నీళ్ళ రుచి తప్ప మనుషుల రుచి తెలియదు, అని. అవతలివాడు కిసుక్కున నవ్వాడు. చేతిలో సీసాలతో బయట నిలబడి విన్నాను. అదే మనిషి తర్వాత ఎన్నిసార్లు నన్ను అందరి ముందూ మెచ్చుకున్నాడో. నా పదవీ విరమణ నాడు లేవలేని మనిషి కర్ర ఊతంతో వచ్చి, నా భుజం పట్టుకుని, నీలాంటివాణ్ణి మళ్ళీ చూడలేదయ్యా, అన్నాడు. నేను వినయంగా తలవంచాను, ఒక్క అక్షరం నమ్మలేదు. తలుపు వెనక విన్నదే ఆయన అసలు మాట అని తీర్మానించుకుని, ఆ తీర్మానాన్ని మళ్ళీ ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఎవర్ని నవ్వించడానికి అన్నాడో, ఆ రోజు ఆయన ఇంట్లో ఏం జరిగిందో విచారించలేదు. లోకం నమ్మకాన్ని రుజువు లేకుండా నమ్మినవాళ్ళలో నేను ముందువరసలో ఉన్నాను. ఆయనకు ఇవ్వని మినహాయింపు ఈ పూట నాకు నేను ఇచ్చుకోవాలంటే ఏ మొహం పెట్టుకుని ఇచ్చుకోను?

జేబులో ఫోను అదిరింది. బావ.

"ఏరా, క్షమాపణ యాత్ర ఎందాకా వచ్చింది?"

"ఇంకా పిలవలేదు బావా."

"పిలిస్తే సైటు గురించి మాట్లాడి వచ్చెయ్. ఆ అమ్మాయి చూసీ చూడనట్టు ఊరుకుంది కదా, నువ్వెందుకు కెలుకుతావు?"

"ఊరుకోదు. ఈరోజు అన్నీ పైకి చదువుతుంది."

"చదివితే చదవనీ. మత్తు దిగని మా బావ నా ఫోను లాక్కుని రాశాడని చెప్పు. నాకు తుంటి ఎలాగూ పోయింది, పరువు కూడా పోతే ఒక పనైపోతుంది."

"రాసింది నేను."

"నవ్వింది నేను కదరా. బొమ్మలు కూడా పెట్టాను వరసగా. అవీ కనబడతాయంటావా?"

"కనబడతాయి."

ఫోనులో వెనక అక్క గొంతు వినబడింది, ఇద్దరికిద్దరూ సరిపోయారు, ముసలి కోతులు, అంటోంది. బావ గొంతు తగ్గించాడు. "ఒక్క సంగతి చెప్పు. నువ్వు నిజంగా అలా అనుకోవడం లేదు కదా?"

"ఏమో బావా."

"ఏమో ఏంట్రా? కాఫీలో పంచదార వేశానంటే కూడా రుజువడిగే మనిషివి. నీ బుర్రలో ఏముందో నీకు తెలియదా?"

పిలుస్తోంది, తర్వాత చేస్తాను, అని పెట్టేశాను. పిలవలేదు. బట్టతలాయన చెయ్యి కలిపి, తలుపు తోసుకుని బయటికొచ్చి, నన్ను చూసి ఎందుకో నమస్కారం పెట్టాడు. బహుశా నా మొహం ఏదో బాధలో ఉన్నవాడి మొహంలా ఉండి ఉంటుంది. ఆమె గాజు వెనక నుంచి చెయ్యి ఊపింది. సోఫాలోంచి లేవడానికి ప్రయత్నించి, ఒకసారి మళ్ళీ కూలబడి, కుండీ అంచు పట్టుకుని లేచాను. లోపలికి వెళ్ళగానే చెప్పాలి, కూర్చోకముందే చెప్పాలి, కూర్చుంటే చెప్పలేను.

కూర్చున్నాను. "దారి సులువుగానే దొరికిందా సార్?" అంది. దొరికింది అన్నాను. గదిలో తెల్లబల్ల మీద ఎవరివో గీతలు సగం తుడిచి ఉన్నాయి. మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది. తాగాను, నీళ్ళలో పైపు రుచి ఉంది, అది గుర్తించినందుకు నా మీద నాకే రోత పుట్టింది. స్క్రీను మీద నా సైటు మొదటి పేజీ. కుడిపక్క కామెంట్లు ఒకదాని కింద ఒకటి. "మొదలుపెడదామా?" అంది, చదవడం మొదలుపెట్టింది. "ఈ నీలం నీరసంగా ఉంది, దీనికి సెలైను ఎక్కించాలి." నా వెటకారం ఆమె గొంతులో వెటకారంగా లేదు, వర్షసూచన చదివినట్టుంది. "రంగు ముదురు చేశాను సార్. సరేనా?" సరే అన్నాను. బూడిదరంగులోకి తిరిగింది. "ఈ బాణం నన్నెటు పొమ్మంటోంది, శ్మశానానికా. బాణం తీసేసి, ఫలితం చూడండి అని మాటల్లోనే పెట్టాను సార్. సరేనా?" సరే. నవ్వు కోసం అల్లిన వాక్యాలు నవ్వు తీసేశాక ఎలా ఉంటాయో ఒక్కొక్కటిగా వింటున్నాను. ఇప్పుడు చెప్పాలి. ఈ కామెంటు కాగానే. ఈ పేజీ కాగానే. "అమ్మా," అన్నాను. ఆమె చెయ్యి ఆపి, "చెప్పండి సార్," అంది. అప్పుడు నా నోట వచ్చిన మాట ఇది: "అక్షరాలు చాలా బాగున్నాయి." ఇన్ని వారాల్లో ఆమెకు నేనిచ్చిన మొదటి మెప్పు, అదీ లంచంగా. "థాంక్యూ సార్," అంది. పేజీ మారింది. ఇంకొకటి మారింది. "మా గురించి" పేజీలో నా ఫోటో వచ్చింది, పళ్ళు కనబడకుండా నవ్వుతున్న ఫోటో, దాని పక్కన తెల్లగా, మూయకుండా, ఆ గడి.

ఆమె చదివింది. బావా అన్న పిలుపుతో సహా, దేన్నీ మింగకుండా, దేన్నీ నొక్కకుండా, ప్రశ్నార్థకం దగ్గర గొంతు ఎంత లేవాలో అంతే లేపి చదివింది. మౌసు మీద ఆమె చెయ్యి. మణికట్టున దారం. చదివి, నా వైపు తిరిగింది.

"ఇందులో మార్పు ఏం అడిగారో నాకు తెలియలేదు సార్. అందుకే తెరిచే ఉంచాను."

"అది పొరపాటు," అన్నాను.

"ఏది సార్ పొరపాటు?"

"మీకు కనబడదనుకున్నాను."

ఆమె తల ఊపింది, విన్నానన్నట్టు.

"కాదు, రాయడమే తప్పు," అన్నాను. "నన్ను క్షమించండి."

"తప్పంటే అబద్ధమా సార్, రాయకూడనిదా?" ఫోనులో చదువుతారా, కంప్యూటర్‌లోనా అని అడిగిన గొంతే. నేను నోరు తెరిచేలోగా తనే అంది, "చేతికి దారం ఉంది, అది నిజమే. దాని గురించి మీరేం అనుకుంటారో మీ వ్యాసాల్లోనే ఉంది, దానికి నేనేం అనుకోను. బుర్ర సంగతి అడుగుతున్నాను."

అబద్ధం అన్న ఒక్క మాట చాలు. నాలుక చివర ఉంది. మర్యాద దాన్ని ముందుకు తోస్తోంది, భయం తోస్తోంది, ఈ సైటు తెరుచుకోవాలన్న అవసరం తోస్తోంది. ఎదుట మాటకు అడ్డం వస్తాయని లోకం చెప్పే మూడూ ఆ మాటకు వెనక నిలబడి తోస్తున్నాయి. వేళ్ళ కింద ఏముందో, ఆ మూడో వాక్యం రాసి ప్రశ్నార్థకం పెట్టిన క్షణంలో లోపల ఏముందో, ఇప్పుడు చూశాను. ఫలితాన్ని మూసి ఉంచే ఆ ఏర్పాటును చూసి ముచ్చటపడిన వాణ్ణే, అది ఆమె ఆలోచన అని కాక, నా వ్యాసాల్లో ఉన్నది ఆమె చేతికి యాదృచ్ఛికంగా తగిలిందని సర్దుకున్నాను. సర్దుకుని, హాయిగా రాశాను.

"రాసినప్పుడు నిజమే అనుకున్నాను," అన్నాను. "ఇప్పుడు అనుకోవడం లేదు."

"ఇప్పుడంటే, ఎప్పటి నుంచి సార్?"

"ఈ ఉదయం నుంచి."

"ఉదయం నా గురించి కొత్తగా ఏం తెలిసింది?"

"మీ గురించి ఏమీ తెలియలేదు," అన్నాను. "మీకు కనబడుతుందని తెలిసింది."

ఆమె మొహంలో కోపం ఉందేమోనని వెతికాను, ఉంటే బాగుండుననిపించింది. "దీన్ని మూయవలసింది రాసినవాళ్ళే సార్," అంది. "తీసేస్తే ఆనవాలు ఉండదు. పూర్తయిందని నొక్కితే బూడిదరంగులో ఉండిపోతుంది. ఏది నొక్కినా సైటు తెరుచుకుంటుంది." మౌసు నా వైపు జరిపి, కుర్చీ వెనక్కి లాక్కుంది. పూర్తయిందని నొక్కాను. అక్షరాలు, వాటి కింద బావ పెట్టిన నవ్వు బొమ్మలు, బూడిదరంగులోకి తిరిగాయి.

మిగిలినవి ఆమె అదే గొంతుతో చదివింది, నేను సరే అన్నాను. సైటు ఆ మధ్యాహ్నమే తెరుచుకుంది. ఫోనులో తెరిచి చూపించింది, కంప్యూటర్‌లో తెరిచి చూపించింది, రెంటిలోనూ బాగుంది. పాఠకులు తమ ప్రశ్నలు పంపే పేజీ వచ్చే నెలలో మొదలుపెడదామని మేము ముందే అనుకుని ఉన్నాం. దాని గురించి అడిగాను. అది వేరే ఎవరిచేతనైనా చేయించుకోమంది. పేర్లు కావాలా సార్ అని అడిగి, ఇద్దరి పేర్లు చెప్పింది. ఇద్దరూ మంచి పనివాళ్ళని చెప్పింది.